ఉప్పు తినని సాఫ్ట్‌నర్

"రెసిన్ పోయిందన్నారండీ, మార్చాలంటే ఇరవై రెండు వేలు అవుతుందట, మీరొకసారి చూసి చెప్తారా?" అని మార్చి మొదట్లో ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఇల్లు, కిందొకటి పైనొకటి, సొంత బోరు, ఇంట్లో ఐదుగురు. సాఫ్ట్‌నర్, అంటే గట్టి నీళ్లని మెత్తగా చేసే మెషిన్, పెట్టించి ఏడాదిన్నర అయింది. అందులో ఆ పని చేసే గుళికలే రెసిన్. ఏడాదిన్నరకే రెసిన్ చెడిపోవడం నేను చూడకపోలేదు, కానీ అవన్నీ ఎర్ర నీళ్లొచ్చే బోర్లు, లేదంటే ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ గుప్పిళ్లకి గుప్పిళ్లు వేసే ఇళ్లు. ఈ ఇంట్లో ఆ రెండూ లేవని ఫోన్‌లోనే తేలింది, అందుకే వెళ్లా. ఈ కేసులో తప్పు మెషిన్‌ది కాదు, రెసిన్‌ది కాదు, అయినా మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ తప్పుగానే పట్టుకున్నా. అదీ దాచకుండా చెప్తా.

వెళ్లేసరికి మాస్టారు టీడీఎస్ పెన్నుతో, అంటే నీళ్లలో కరిగున్న సరుకు ఎంతో కొలిచే పెన్నుతో, రెడీగా ఉన్నారు. బోరు నీళ్లు 1120, మెషిన్ దాటి వచ్చిన నీళ్లు 1140. "చూశారా, తగ్గకపోగా పెరిగింది" అన్నారు. ఈ పెన్ను వల్ల నాకు నెలకి కనీసం రెండు ఫోన్లు వస్తాయి. సాఫ్ట్‌నర్ టీడీఎస్‌ని తగ్గించదు, ఎంత బాగా పనిచేసే సాఫ్ట్‌నరైనా సరే. లోపల ఉండే రెసిన్ ఆవగింజల కన్నా చిన్న గుళికలు, వాటి మీద సోడియం అంటుకుని ఉంటుంది. బోరు నీళ్లలో వచ్చే కాల్షియం, మెగ్నీషియం ఆ గుళికల్ని పట్టుకుని సోడియాన్ని నీళ్లలోకి తోసేస్తాయి. ఒకటి పోయి ఇంకొకటి వచ్చింది తప్ప నీళ్లలో కరిగున్న సరుకు తగ్గలేదు, పైగా తూకంలో కాస్త పెరుగుతుంది కూడా. గుళికలన్నీ కాల్షియంతో నిండిపోయాక చిక్కటి ఉప్పునీళ్లు వాటి మీదుగా పోనిస్తే సోడియం మళ్లీ ఎక్కి కాల్షియం డ్రెయిన్‌లోకి పోతుంది. రీజనరేషన్ అంటే ఇంతే. కాబట్టి సాఫ్ట్‌నర్ పనిచేస్తోందా లేదా అన్నది హార్డ్‌నెస్‌ని, అంటే ఆ కాల్షియం, మెగ్నీషియం వల్ల వచ్చే గట్టిదనాన్ని, కొలిచే కిట్ చెప్పాలి, టీడీఎస్ పెన్ను కాదు.

మాస్టారు పెన్ను కన్నా అమ్మగారి మాటే నాకు ఎక్కువ పనికొచ్చింది. "మొదట్లో స్నానం చేస్తే ఒళ్లు జారుతున్నట్టుండేది బాబూ, సబ్బు పోలేదేమో అని ఇంకో రెండు చెంబులు పోసుకునేవాళ్లం. ఇప్పుడా జారుడు లేదు." ఆ జారుడే గట్టిదనం పోయిన నీళ్ల గుర్తు. సాఫ్ట్‌నర్ కంపెనీ కుర్రాడు ఫిబ్రవరిలో వచ్చి ఏదో చేస్తే మూడు నాలుగు రోజులు మళ్లీ జారిందట, తర్వాత మామూలే. రెండోసారి వచ్చినప్పుడు రెసిన్ పోయిందని చెప్పి వెళ్లాడట. షవర్ చిల్లుల చుట్టూ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది, సోలార్ హీటర్ నుంచి వేడినీళ్లు సన్నగా వస్తున్నాయి.

కిట్ తీశా. గాజు సీసాలో కొలత గీత దాకా నీళ్లు పోసి, బఫర్ ద్రావణం నాలుగు చుక్కలు, రంగు మారే సూచిక పొడి చిటికెడు వేస్తే గట్టి నీళ్లయితే బీట్‌రూట్ రంగు వస్తుంది. తర్వాత ఈడీటీఏ అనే ద్రావణం ఒక్కో చుక్క వేస్తూ తిప్పుతూ ఉంటే ఒక చోట ఊదాగా మారి, ఇంకొక్క చుక్కకి నీలం అయిపోతుంది. అప్పటిదాకా ఎన్ని చుక్కలు పట్టాయో దాన్నిబట్టి లెక్క. బోరు నీళ్లు 680 పీపీఎం (లీటరుకి అన్ని మిల్లీగ్రాములు), మెషిన్ దాటిన నీళ్లు 650. తాగునీటికి మన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం 200 దాకా మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా ఫర్వాలేదు. ఈ బోరు ఆ రెండో గీత కూడా దాటింది. మెషిన్ అయితే ఉన్నా లేనట్టే.

ఇక ఉప్పు డబ్బా మూత తీశా. నేనెక్కడికి వెళ్లినా డిస్‌ప్లే కన్నా ముందు చూసేది ఇదే. ఉప్పు నిండుగా ఉంది, నీళ్లు ఉప్పు పైకి తేలి ఫ్లోట్ దాకా వచ్చి ఆగాయి. ఎప్పుడు పోశారంటే సంక్రాంతికి ముందు, యాభై కిలోల బస్తా. "ఇదివరకు నెలన్నరకి ఒకటి అయిపోయేదండీ, ఈసారి బాగా కలిసొచ్చింది" అన్నారు మాస్టారు సంతోషంగా. ఆ సంతోషమే జబ్బు లక్షణం. ఉప్పు తగ్గలేదంటే ఉప్పునీళ్లు రెసిన్ దాకా పోవట్లేదు. నీళ్లు పైకి తేలాయంటే ప్రతిసారీ మెషిన్ డబ్బాలోకి నీళ్లు నింపుతోంది కానీ తిరిగి పీల్చుకోవట్లేదు. ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే రెసిన్ మార్చమన్నారంటే ఆ వచ్చిన కుర్రాడు మూత తీసి ఉండడు, లేదా తీసి కూడా ఉండవచ్చు, నేనేం చెప్పను.

పీల్చకపోవడానికి కారణాలు మరీ ఎక్కువేం ఉండవు. ఒకటి, ఉప్పు పైన గట్టిగా పెచ్చు కట్టి కింద బోలుగా ఉండటం, వానాకాలంలో తరచూ చూస్తాం. చీపురు కర్ర తిరగేసి గుచ్చా, అడుగుదాకా సాఫీగా దిగింది, పెచ్చు లేదు. రెండు, డబ్బా నుంచి, మెషిన్‌లో నీళ్ల దారి మార్చే వాల్వ్‌కి వచ్చే సన్న పైపులో ఎక్కడైనా గాలి పీల్చడం. జాయింట్లు బిగువుగానే ఉన్నాయి. మూడు, ఇంజెక్టర్ మూసుకుపోవడం. వాల్వ్ పక్కన రెండు స్క్రూలు తీస్తే చిటికెన వేలి గోరంత ప్లాస్టిక్ ముక్క వస్తుంది, దాని చిల్లు గుండుసూది తల కన్నా చిన్నది. నీళ్లు ఆ చిల్లులోంచి వేగంగా దూసుకుపోతుంటే పక్కనున్న ఉప్పునీటిని లాక్కుంటాయి. ముందున్న జల్లెడ మీద బూడిద రంగు బురద పట్టి ఉంది. కిరాణాలో దొరికే దొడ్డుప్పులో మట్టి ఉంటుంది, డబ్బా అడుగున కూడా ఏడాదిన్నర మందం పేరుకుని ఉంది. దొరికింది దొంగ అనుకున్నా. ఉతికా, నోటితో ఊది చూసుకుని మళ్లీ బిగించా. ఈ చిల్లులో పిన్నీసు మాత్రం ఎవరూ పెట్టొద్దు, చిల్లు వెంట్రుకంత పెద్దదైనా పీల్చే బలం పోతుంది.

సెట్టింగ్ కూడా చూశా. వాల్వ్ లీటర్లు లెక్కపెట్టి తిరిగే రకం, 4500 లీటర్లకి ఒకసారి అని పెట్టి వెళ్లారు. బోరు నీళ్లు పరీక్షించకుండా ఏదో ఒక నాలుగు వందలు ఉంటుందిలే అని వేసిన అంకె అది. లెక్క ఇలా ఉంటుంది: ఈ మెషిన్‌లో రెసిన్ 40 లీటర్లు, లీటరుకి 120 గ్రాముల ఉప్పు చొప్పున ఇస్తే ఒక్కో లీటర్ రెసిన్ 50 గ్రాముల హార్డ్‌నెస్ పట్టుకుంటుందని మేం లెక్కేసుకుంటాం, అంటే మొత్తం 2000 గ్రాములు. 680 పీపీఎం అంటే లీటర్ నీటిలో 0.68 గ్రాము. భాగిస్తే 2900 లీటర్ల చిల్లర. అంచులదాకా పోకుండా 2500 అని పెట్టా. వీళ్ల వాడకం రోజుకి 950 లీటర్లు, కాబట్టి రెండున్నర రోజులకి ఒక రీజనరేషన్, ఒక్కోదానికి 4.8 కిలోల ఉప్పు. మెషిన్ బాగున్న రోజుల్లో కూడా చివరి రోజున్నర వీళ్లు గట్టి నీళ్లే వాడుకున్నారన్నమాట, ఎవరికీ అనుమానం రాలేదు.

డబ్బాలో ఎక్కువైన నీళ్లు మగ్గుతో తోడేసి, లోపలి గోడ మీద స్కెచ్ పెన్నుతో నీటి మట్టం దగ్గర గీత గీసి, చేత్తో రీజనరేషన్ నొక్కా. పావుగంటకి నీళ్లు గీత కింద జానెడు దిగాయి. మొత్తం అయ్యాక పరీక్షిస్తే 30 పీపీఎం. మాస్టారు చేతులు తడిపి చూసి "జారుతోంది" అన్నారు. రెసిన్‌కి ఏం కాలేదని చెప్పి, సర్వీస్ చార్జి తీసుకుని గర్వంగా బండెక్కా.

పదమూడో రోజు ఫోన్. "మళ్లీ మొదటికే వచ్చిందండీ."

ఆ మాట విన్నప్పుడు ఎలా ఉంటుందో ఈ పని చేసేవాళ్లకే తెలుసు. వెళ్లి చూస్తే మెషిన్ దాటిన నీళ్లు 640. ఉప్పు డబ్బాలో నీళ్లు మళ్లీ ఫ్లోట్ దాకా ఉన్నాయి. నేను గీసిన గీత ఎక్కడో నీళ్లడుగున ఉంది. ఇంజెక్టర్ విప్పితే అద్దంలా శుభ్రంగా ఉంది. డిస్‌ప్లేలో చివరి రీజనరేషన్ రెండు రోజుల కిందట అయినట్టు చూపిస్తోంది. గడియారం సరిగ్గా ఉంది, కరెంటు పోయి టైమ్ తప్పిందనడానికీ లేదు. ఇక్కడ నాకే రెసిన్ మీద అనుమానం వచ్చింది, ఆ కుర్రాడు చెప్పిందే నిజమేమో అని. వాల్వ్ విప్పి పై నుంచి చారెడు రెసిన్ తీసి అరచేతిలో పోసుకుని చూశా. తేనె రంగులో మెరుస్తూ, గుండ్రంగా, వేళ్ల మధ్య నలిపితే నలగకుండా ఉంది. ఐరన్ పట్టినదైతే ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది, క్లోరిన్ తిన్నదైతే మెత్తబడి చిదుగుతుంది. ఇది బంగారంలా ఉంది.

మళ్లీ చేత్తో రీజనరేషన్ నొక్కా. చక్కగా పీల్చింది! నేనున్నప్పుడు పనిచేస్తుంది, పోగానే మానేస్తుంది, మాస్టారు స్కూల్లో ఇలాంటి పిల్లల్ని చాలామందిని చూసి ఉంటారు. ఏం చేయాలో తోచక మేడ మీద మెషిన్ పక్కనే కూర్చుంటే అమ్మగారు టీ తెచ్చారు. ప్రెషర్ పంపు గుర్రుమని మోగి ఆగింది. రెండు నిమిషాలకి మళ్లీ గుర్రుమంది. ఎవరూ ట్యాప్ తిప్పలేదు. "ఇదేంటమ్మా, ఊరికే మోగుతోంది?" అన్నా. "అయ్యో దాని బాధ చెప్పకు బాబూ, సంక్రాంతికి మనవలు వచ్చి వెళ్లినప్పటి నుంచి ఇంతే, కింద మా పడక గదిలోకి వినపడి చస్తుంది. అందుకే పడుకునే ముందు స్విచ్ ఆపేస్తున్నా, పొద్దున లేచి వేస్తా."

టీ గ్లాసు కింద పెట్టేశా.

సంగతి ఏంటంటే, ఈ మెషిన్ రాత్రి 2 గంటలకి రీజనరేషన్ చేసుకునేలా పెట్టి ఉంది, ఎక్కడైనా మామూలుగా అలాగే పెడతారు, ఎందుకంటే ఆ గంటన్నర సేపు ఇంట్లోకి వెళ్లేవి శుద్ధి కాని బోరు నీళ్లే, కాబట్టి అందరూ నిద్రపోయే వేళ మంచిది. కానీ ఇంజెక్టర్ ఉప్పునీటిని పీల్చాలంటే నీళ్లకి ఒత్తిడి ఉండాలి, ఒకటిన్నర రెండు బార్ అయినా కావాలి. ట్యాంకు మెషిన్ కన్నా మూడు మీటర్ల ఎత్తులో ఉంది. పది మీటర్ల ఎత్తు ఇస్తే ఒక బార్, మూడు మీటర్లు ఇచ్చేది 0.3. పంపు ఆపేశాక మెషిన్‌కి దక్కేది అంతే. వాల్వ్ మోటార్ మాత్రం తన పాటికి తాను అన్ని మెట్లూ తిరుగుతుంది, టైమ్ ప్రకారం డబ్బాలోకి నీళ్లు నింపుతుంది, రీజనరేషన్ అయిందని డిస్‌ప్లేలో రాసుకుంటుంది. ఒక్క చుక్క ఉప్పునీరు మాత్రం రెసిన్‌కి అందదు. టెక్నీషియన్లు వచ్చేదేమో పగలు, అప్పుడు పంపు ఆన్‌లో ఉంటుంది, కాబట్టి ఎవరు నొక్కినా పనిచేస్తుంది.

ఈసారి ఊహ మీద వదల్లేదు. వాల్వ్ ముందు ప్రెషర్ గేజ్ బిగించి, పంపు ఆపి, పీల్చే దశలో పెట్టి చూశా: గేజ్ 0.3, పావుగంటైనా నీళ్లు గీత దగ్గర నుంచి కదల్లేదు. పంపు వేశా: గేజ్ 2.1, చూస్తుండగానే దిగడం మొదలైంది. మాస్టారు వంగి గీత వైపు చూస్తూ, "మరి ఆ రెసిన్ కోసం డబ్బు కట్టి ఉంటే?" అన్నారు. కొత్త రెసిన్ వేసిన రోజు రీజనరేషన్ పగలే చేస్తారు, మూడు రోజులు బ్రహ్మాండంగా ఉండేది, ఆ తర్వాత మళ్లీ ఇదే కథ.

పంపు ఊరికే ఎందుకు మోగుతోందో వెతికితే పై బాత్రూమ్‌లో మనవలు పీకిన ఫ్లష్ మీట సరిగ్గా కూర్చోక లోపల నీళ్లు దారంలా కారుతున్నాయి. ఆ కాస్త కారడానికి లైన్‌లో ఒత్తిడి పడిపోయి పంపు లేస్తోంది. చిన్న రబ్బరు వాషర్, ప్లంబర్ పని. అది మార్చాక రాత్రి చప్పుడు లేదు. అయినా నేను రీజనరేషన్ టైమ్‌ని మధ్యాహ్నం 2కి మార్చేశా. స్విచ్ ఆపే అలవాటు ఒకసారి పడ్డాక ఏ రోజు ఎవరు ఆపుతారో తెలీదు, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఇంట్లో అందరూ కునుకు తీస్తారు, బట్టలు పొద్దున్నే అయిపోతాయి. ఆ గంటన్నరలో వాషింగ్ మెషిన్ వేయొద్దని మాత్రం చెప్పా. రెసిన్ పూర్తిగా కాల్షియంతో నిండిపోయి ఉంది కాబట్టి ఆ రోజు ఒకటి చాలదని మధ్యలో ఉప్పు కరగడానికి టైమిచ్చి రెండు రీజనరేషన్లు చేశా. 15 పీపీఎం. నాలుగో రోజు, పదో రోజు నేనే వెళ్లి పరీక్షించా, రీజనరేషన్‌కి కాస్త ముందు కూడా 25 దాటలేదు.

ఇంకో విషయం మొదటిసారే నా కళ్ల ముందు ఉండి కూడా పట్టించుకోలేదు. మెషిన్ డ్రెయిన్ పైపుని మేడ మీద వాననీటి పైపులో కలిపేశారు, అది పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లోకి దిగుతుంది. అమ్మగారు ఏడాదిగా ఆ చెట్టు ఆకులు అంచులు మాడి రాలిపోతున్నాయని మజ్జిగ పోశారట, వేప పిండి వేశారట. "ఈ మధ్యే కోలుకుని చిగుర్లేస్తోంది" అని నాకు చూపించారు కూడా. కోలుకోదూ మరి, సంక్రాంతి నుంచి దానికి ఉప్పునీళ్లు అందట్లేదు! మాఘ ఫాల్గుణాల్లో చిగురు ఎటూ వేస్తుంది కాబట్టి అది సాక్ష్యం అనను, కానీ ఆ చెట్టు నాకు చెప్పాలని చూసింది, నేను వినలేదు. డ్రెయిన్‌ని మురుగు పైపులోకి మళ్లించాం. మొక్కలకి, కారు కడగడానికి మెషిన్‌కి ముందు నుంచే ఒక ట్యాప్ తీయించా. మొక్కలకి సాఫ్ట్ నీళ్లు కూడా వద్దు, సోడియం చేరేకొద్దీ నేల గట్టిపడి నీళ్లు ఇంకవు.

తాగే నీళ్ల సంగతి మాస్టారే అడిగారు, ఆయనకి బీపీ. ఒక పీపీఎం హార్డ్‌నెస్ తీసేస్తే 0.46 మిల్లీగ్రాముల సోడియం నీళ్లలో చేరుతుంది, ఈ బోరుకి ఆ లెక్కన లీటరుకి 310 మిల్లీగ్రాముల పైనే. తాగేది ఆర్వో నీళ్లు కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు, ఆర్వో సోడియాన్ని చాలావరకు తీసేస్తుంది, పైగా సున్నం రాని నీళ్లకి మెంబ్రేన్ ఎక్కువ కాలం వస్తుంది. కానీ అమ్మగారు పప్పు, బియ్యం మెషిన్ నీళ్లతోనే వండుతున్నారు, బోరు నీళ్లలో కందిపప్పు ఎంతకీ ఉడకదు, ఇందులో ఇట్టే ఉడుకుతుందని. నిజమే, కానీ ఆయన బీపీకి అది మంచిది కాదు. వంటకి నల్లా నీళ్లు వాడమన్నా. నల్లా వచ్చే రోజు నాలుగు బిందెలు పట్టుకుంటే సరిపోతుంది.

ఉప్పు విషయంలో నాకు పట్టుదలేం లేదు. బిళ్లల ఉప్పు శుభ్రం, ధర బాగా ఎక్కువ. దొడ్డుప్పే వాడుకోండి, కాకపోతే ఆర్నెల్లకోసారి డబ్బా ఖాళీ చేసి అడుగున బురద కడగాలి, ఇంజెక్టర్ జల్లెడ ఉతకాలి. ప్యాకెట్లో వచ్చే మెత్తటి వంట ఉప్పు మాత్రం వేయొద్దు, అది ముద్ద కడుతుంది. బస్తా పోసినరోజు డబ్బా మూత మీద తేదీ రాయమని మాస్టారికి స్కెచ్ పెన్ను ఇచ్చి వచ్చా. కిట్ కూడా ఒకటి కొనిపించా, ఎండాకాలం బోరు లోతుకి పోయినప్పుడు నీళ్ల గట్టిదనం మారుతుంది, ట్యాంకర్ పోయించుకుంటే ఇంకోలా ఉంటుంది, అప్పుడు ఆ 2500 అంకె మళ్లీ సరిచూసుకోవాలి. ఆయన మే నెలలో పరీక్షించి 790 వచ్చిందని వాట్సాప్‌లో ఫొటో పెట్టారు, బీట్‌రూట్ రంగు సీసా పక్కన నీలం సీసా. లెక్కేసి 2200 చేయించా.

జూన్‌లో మాస్టారు మళ్లీ ఫోన్ చేశారు. నా గుండె జారింది. "ఏం లేదండీ, నీళ్లు బాగానే ఉన్నాయి, కానీ నెల తిరక్కుండానే బస్తా ఉప్పు తినేస్తోంది, ఏమైనా రిపేరా?" అన్నారు.